ఒక భార్య కోసం పుట్టిన పొడి



డిసెంబరు నెల దగ్గర పడుతుందనగానే మన ఇళ్ళలో ఒక చిన్న డబ్బా కోసం వెతుకులాట మొదలవుతుంది. ఏడాదిలో చాలా భాగం అది అల్మరాలో పసుపు, ఇంగువ డబ్బాల వెనుక కనిపించకుండా ఉండిపోతుంది. కేకు చేయాలనుకున్న రోజున మాత్రం అది లేకపోతే పని సాగదు. అదే బేకింగ్ పౌడర్ డబ్బా. మైదా గురించి, నెయ్యి గురించి, ఎండు ద్రాక్ష గురించి ఎంతో మాట్లాడుకుంటాము గాని, కేకు పొంగడానికి కారణమైన ఈ తెల్లటి పొడి ఎక్కడిది, దీన్ని ఎవరు, ఎందుకు కనిపెట్టారు అని మనలో అడిగేవారు తక్కువ. మా సంఘములో వచ్చిన ఒక చిన్న అవసరం వలన మేము ఆ సంగతి తెలుసుకున్నాము. మీతో కూడా పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ప్రతి సంవత్సరం సండే స్కూలు పిల్లల క్రిస్మస్ పండుగకు మా స్త్రీల సమాజమే కేకు చేస్తుంది. అరిసెలు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు ఎవరింట్లో వారు చేసుకున్నా, కేకు మాత్రం అందరమూ ఒకచోట కూర్చుని కలిపి చేయడం మాకు ఆనవాయితీ. కొన్ని సంవత్సరాల క్రితం ఒక కుటుంబం బదిలీ మీద మా ఊరు వచ్చి సంఘములో చేరింది. వారి చిన్న పాపకు కోడిగుడ్డు పడదు. పడదు అంటే ఇష్టం లేక కాదు. గుడ్డు కలిసిన పదార్థం కొంచెం తిన్నా కొద్ది నిమిషాల్లోనే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడడం కష్టమవుతుంది. గుడ్డు గిలకొట్టిన గరిట కూడా ఆ పాప తినేదానికి తగలకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారట.

పండుగ ఏర్పాట్ల కోసం కూడుకున్న రోజున ఆ తల్లి నెమ్మదిగా లేచి, “మీరేమీ ఇబ్బంది పడకండి అక్కా. మా పాపకు నేను విడిగా బిస్కెట్ పాకెట్ తెచ్చుకుంటాను. మిగతా పిల్లలు కేకు తినేటప్పుడు దాన్ని బయటికి తీసుకువెళ్తాను” అన్నది. ఆ మాట ఆమె మామూలుగానే అన్నది. ఎన్నో పుట్టినరోజులకు, ఎన్నో పెళ్ళిళ్ళకు అలా బయటికి తీసుకువెళ్ళడం ఆమెకు అలవాటైపోయింది కాబోలు. కాని విన్న మాకు అది మామూలుగా అనిపించలేదు. ప్రభువు పుట్టిన పండుగనాడు, ప్రభువు మందిరములో, ఒక పసిబిడ్డను పంక్తిలో నుంచి లేపి బయటికి పంపడమా?

మాలో పెద్దావిడ ఒకరు, ముప్పై ఏళ్ళుగా కేకు కొలతలన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి, “గుడ్డు లేకపోతే అది కేకెలా అవుతుందమ్మా? రొట్టె అవుతుంది గాని” అన్నారు. ఆమె అనుభవం మీద అన్న మాట అది. మన పాత పద్ధతిలో గుడ్లు బాగా నురగ వచ్చేదాకా గిలకొడితే, ఆ నురగలో చిక్కుకున్న గాలే కేకును లేపుతుంది. మరి గుడ్డు తీసివేస్తే ఆ పని ఎవరు చేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఉండగానే మాలో ఒక టీచరమ్మ ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన కథ చదివి వచ్చి చెప్పింది.

బర్డ్ అంటే పిట్ట. ఆయన ఇంటిపేరే అది. 1811లో ఇంగ్లాండు దేశంలోని గ్లోస్టర్‌షైర్‌లో పుట్టారు. బర్మింగ్‌హామ్ పట్టణంలో మందుల తయారీ నేర్చుకుని, 1837లో బెల్ స్ట్రీట్ అనే వీధిలో సొంతంగా మందుల దుకాణం పెట్టుకున్నారు. ఆయన భార్య పేరు ఎలిజబెత్. ఆమెకు గుడ్లు పడవు. రొట్టెను పులియబెట్టే ఈస్ట్ కూడా పడదు. మనకైతే అన్నము, సంకటి, రాగి జావ ఏదో ఒకటి ఉంటుంది. ఇంగ్లీషువారి ఇంట రోజూ తినేది ఈస్ట్ వేసిన రొట్టె. విందులో తియ్యగా తినేది గుడ్లతో చేసిన కస్టర్డ్. ఆ రెండూ తినలేని ఇల్లాలు తన ఇంట్లో తానే బల్ల దగ్గర అతిథిలాగా కూర్చోవాలి. తాను వండినది తాను తినకూడదు.

ఆ భర్త ఏం చేశారంటే, “నీకు పడదు గదా, మానెయ్యి” అని ఊరుకోలేదు. తనకు తెలిసిన విద్యను ఇంటికి తెచ్చారు. మొదట గుడ్డు లేకుండా మొక్కజొన్న పిండితో కస్టర్డ్ చిక్కబడే ఉపాయం కనిపెట్టారు. 1837 నాటి మాట ఇది. తరువాత 1843లో ఈస్ట్ అవసరం లేకుండా రొట్టెను పొంగించే పొడిని తయారుచేశారు. మనం నేడు వాడే బేకింగ్ పౌడర్‌కు మూలపురుషుడు అదే. ఒక్క మనిషి ఆరోగ్యం కోసం చేసిన ఆ రెండు పొడులూ క్రమంగా దుకాణంలో అమ్మకానికి వచ్చాయి. బర్డ్ పేరు ఇంగ్లాండులో ఇంటింటి పేరైంది. 1855లో, క్రిమియా యుద్ధం జరుగుతున్న కాలంలో, దూర దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికులకు తాజా రొట్టె చేసి పెట్టడానికి కూడా ఆ బేకింగ్ పౌడరే ఉపయోగపడింది.

ఇంతకూ ఆ పొడిలో ఏముంది? వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఒకటి మనందరికీ తెలిసిన వంట సోడా. రెండవది ఏదైనా పుల్లటి గుణం గల పొడి. మొదట్లో దీనికి టార్టారిక్ ఆమ్లం వాడేవారు. ద్రాక్షారసం నిలవ ఉంచిన పీపాల లోపల గారలాగా పేరుకునే దాని నుంచి దాన్ని తీస్తారు. మూడవది పొడిగా ఉన్న పిండి పదార్థం, అంటే గంజి పొడి వంటిది. సోడా, పులుపు కలిసి తడిసినప్పుడు బుసబుస పొంగి బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ వాయువు పిండిలో చిన్న చిన్న బుడగలుగా నిలిచి కేకును లేపుతుంది. మూడవదైన పిండి పదార్థం చేసే పని ఆ రెండింటినీ ఎడంగా ఉంచడం, గాలిలోని తేమ తగలకుండా కాపాడడం. లేకపోతే అవి డబ్బాలోనే ఒకదానితో ఒకటి తగాదా పడి, మన పని దగ్గరికి వచ్చేసరికి నీరసపడిపోతాయి.

అంతకు ముందు కూడా సోడా ఉండేది. పులిసిన మజ్జిగలో సోడా వేసి రొట్టెలు చేసేవారు. కాని మజ్జిగ పులుపు ఏ రోజుకు ఆ రోజు వేరు. ఒకనాడు బాగా పొంగేది, ఒకనాడు సోడా మిగిలిపోయి చేదెక్కేది. కొలత ప్రకారం పులుపును కూడా పొడిలోనే చేర్చడం వలన ఆ అనుమానం తీరింది.

బర్డ్ తరువాత ఈ పొడిని మరికొందరు మెరుగుపరచారు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్, టార్టారిక్ ఆమ్లానికి బదులుగా కాల్షియం ఫాస్ఫేటు వాడే పద్ధతికి 1856లో పేటెంటు పొందారు. మొదట్లో ఆ ఫాస్ఫేటును పశువుల ఎముకల నుంచి తీసేవారు. తరువాత గనుల్లో దొరికే ఖనిజం నుంచి తీయసాగారు. ఆయన పొడి రంఫర్డ్ అనే పేరుతో అక్కడి వంటిళ్ళకు చేరింది. జర్మనీలో బీలెఫెల్డ్ పట్టణంలో ఆగస్ట్ ఓట్కర్ అనే మరొక మందుల దుకాణదారు 1891లో దుకాణం తీసుకుని, సరిగ్గా అర కిలో పిండికి సరిపోయేలా తూచిన చిన్న పొట్లాలు కట్టి ఇల్లాళ్ళకు అమ్మారు. చెంచాతో కొలిచే పని కూడా తగ్గింది. మన దేశంలో 1956లో పూణేలో మొదలైన వీక్‌ఫీల్డ్ వారి కస్టర్డ్ పౌడర్, బేకింగ్ పౌడర్ డబ్బాలు మనకు తెలిసినవే. పెళ్ళి విందుల్లో పండ్ల ముక్కలు వేసి పెట్టే కస్టర్డ్‌లో గుడ్డు లేదని మనం ఎన్నడైనా ఆశ్చర్యపోయామా? ఎలిజబెత్ అనే ఆమెకు గుడ్డు పడకపోవడమే దాని మొదలు.

ఈ కథ విన్న తరువాత మా పెద్దావిడ కాసేపు ఆలోచించి, “ఆయనెవరో భార్య కోసం అంత చేస్తే, మనం ఒక పిల్ల కోసం ఒక కొలత మార్చలేమా? తెండి చూద్దాం” అన్నారు. రెండు అభిప్రాయాలు వచ్చాయి. ఆ పాపకు ఒక చిన్న కేకు విడిగా చేద్దాం, మిగిలినవారికి ఎప్పటిలాగే చేద్దాం అని కొందరు. అందరికీ ఒకే కేకు చేద్దాం అని కొందరు. విడిగా చేస్తే గిన్నెలు, గరిటలు కలిసిపోయే ప్రమాదం ఒకటి. అంతకంటె ముఖ్యంగా, విడిగా పెట్టిన పళ్ళెం ఎంత ప్రేమతో పెట్టినా పసివాళ్ళ కంటికి అది విడి పళ్ళెమే. చివరికి పాస్టరమ్మగారు, “ఒకే బల్ల, ఒకే కేకు” అని తేల్చారు.

మేము చేసిన కొలతలు అడిగేవారున్నారు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము. ఒక చిన్న కేకుకు మైదా ఒకటిన్నర కప్పు, కమ్మటి పెరుగు ఒక కప్పు, పంచదార ముప్పావు కప్పు, వాసన లేని నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటిం పావు టీస్పూను, వంట సోడా అర టీస్పూను, వెనీలా ఎసెన్సు ఒక టీస్పూను. పెరుగు, పంచదార కరిగేదాకా కలిపి, అందులో బేకింగ్ పౌడర్, సోడా వేసి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. పైకి బుడగలు తేలుతాయి. అప్పుడు నూనె, ఎసెన్సు వేసి, జల్లించిన మైదా కొద్దికొద్దిగా కలపాలి. మైదా వేశాక ఎక్కువసేపు గిలకొట్టకూడదు, కేకు గట్టిపడుతుంది. ఓవెను ఉన్నవారు 180 డిగ్రీల వేడిలో 35 నుంచి 40 నిమిషాలు ఉంచితే చాలు. లేనివారు మందపాటి అడుగున్న గిన్నెలో శుభ్రమైన ఇసుక పోసి, బాగా వేడెక్కాక లోపల చిన్న పీట పెట్టి, దానిపై కేకు గిన్నె ఉంచి మూత వేసి సన్నటి సెగ మీద కాల్చుకోవచ్చు. పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకుండా రావాలి.

బేకింగ్ పౌడర్ ఉండగా మళ్ళీ సోడా ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. పెరుగులో దాని పులుపు దానికి ఉంది. ఆ పులుపుకు జత సోడా. బేకింగ్ పౌడర్‌కు తన పులుపు తనలోనే ఉంది. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి అదే కొలతలో వేయకూడదు. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. బేకింగ్ పౌడర్ ఎక్కువైతే కేకు గబగబా పొంగి మధ్యలో కుంగిపోతుంది.

డబ్బా విషయంలో కూడా కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. తడి చెంచా ఎన్నడూ పెట్టకూడదు. మూత బిగించి, పొయ్యి ఆవిరి తగలని చోట ఉంచాలి. పాత డబ్బా పనిచేస్తుందో లేదో తెలియకపోతే, అర కప్పు వేడి నీళ్ళలో ఒక టీస్పూను పొడి వేసి చూడండి. వెంటనే బుసబుస పొంగితే మంచిదే. ఊరికే అడుగుకు చేరితే దానితో కేకు చేయవద్దు. ఎక్కువ మందికి చేసేటప్పుడు పిండి అంతా ఒకేసారి కలిపి వరుసలో పెట్టకండి. తడి తగిలిన క్షణం నుంచే పొడి పని మొదలుపెడుతుంది. ఓవెనులో పట్టినంతే కలపాలి. రక్తపోటు ఉన్న పెద్దలు ఉప్పు తగ్గించుకున్నట్లే దీనిలోని సోడియం సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

గుడ్డు పడని పిల్లలున్న తల్లులకు ఇంకొక మాట. గుడ్డు తీసేస్తే సరిపోదు. గిన్నె, జల్లెడ, బీటరు అన్నీ సబ్బుతో బాగా కడగాలి. పైన చల్లే రంగు తీపి పలుకుల పాకెట్ మీద వ్రాసినది కూడా చదవాలి. పెరిగేకొద్దీ చాలామంది పిల్లలకు ఈ ఇబ్బంది పోతుంది. అయితే “ఇప్పుడు తినవచ్చు” అని చెప్పవలసినది డాక్టరుగారే గాని, మనం కొంచెం పెట్టి చూడకూడదు.

ఆ సంవత్సరం పండుగలో పిల్లలంతా వరుసగా కూర్చున్నారు. ఆ పాప కూడా వారి మధ్యనే కూర్చుంది. పళ్ళెం దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ తల్లి వైపు చూసింది. తల్లి తల ఊపింది. పాప ఒక ముక్క తీసుకుని, కొద్దిసేపటికి రెండవ ముక్క కూడా అడిగింది. కేకులో గుడ్డు లేదన్న సంగతి మిగిలిన పిల్లలెవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

మేము అనుకోని మేలు ఇంకొకటి జరిగింది. క్రిస్మస్‌కు మనం ఇరుగుపొరుగు ఇళ్ళకు పళ్ళెం పంపుతాము గదా. గుడ్డు ముట్టని కుటుంబాలకు ఎప్పుడూ అరటిపండ్లు, జంతికలు మాత్రమే పంపేవాళ్ళము. ఆ ఏడాది వారికీ కేకు పంపాము. గుడ్డు లేదని ముందుగానే చెప్పాము. మా వీధిలో ఎన్నో ఏళ్ళుగా మాతో పలకరింపులే గాని రాకపోకలు లేని ఒక మామ్మగారు ఖాళీ పళ్ళెం పంపకూడదని పొంగలి చేసి తానే తెచ్చి ఇచ్చి, గంటసేపు కూర్చుని వెళ్ళారు.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో భోజనపు బల్లను గురించి గట్టిగానే మందలించాడు. ప్రభువు పేరిట కూడివచ్చినప్పుడు ఒకరు కడుపారా తిని మరొకరు ఆకలితో మిగిలిపోతే అది ప్రభువు భోజనము కాదని, ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనవలెనని బోధించాడు. మన సంఘాల్లో ఆకలితో మిగిలిపోయేవారు ఉన్నారో లేదో గాని, బల్ల దగ్గర ఉండి కూడా తినలేనివారు ఉన్నారు. చక్కెర వ్యాధి ఉన్న తాతగారు ప్రేమవిందులో పాయసం వైపు చూసి ఊరుకుంటారు. పళ్ళు లేని ముసలమ్మకు బిర్యానీ ముక్క కొరకడం చేతకాదు. మందులు వేసుకునే సహోదరికి మధ్యాహ్నం రెండింటిదాకా ఆగడం కష్టం. వీరెవరూ నోరు తెరిచి అడగరు. మనకు ఇబ్బంది కలిగించకూడదని తామే పక్కకు తప్పుకుంటారు. అడగకముందే గమనించడం మన పని.

ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1878లో చనిపోయారు. ఆయన రసాయన శాస్త్రవేత్తల సంఘములో సభ్యులు. ఆ సంఘపు పత్రికలో ఆయన చేసిన పరిశోధనలను గురించి ఎంతో వ్రాశారు గాని, ఆయన పేరును ఇంటింటికీ తెచ్చిన కస్టర్డ్ మాట ఎత్తలేదట. అది వంటింటి సంగతి, పండితులు చెప్పుకోదగ్గది కాదనుకున్నారేమో. ఆయన పరిశోధనలు నేడు ఎవరికి గుర్తున్నాయి? తన భార్య బల్ల దగ్గర చిన్నబోకూడదని చేసిన పని మాత్రం నూట ఎనభై సంవత్సరాలు దాటినా, ఆమె పేరు కూడా ఎరుగని మన ఇళ్ళలో ఇంకా పిండిని పొంగిస్తూనే ఉంది.

సహోదరీలారా, మనం చేసే వంటింటి పరిచర్య ఏ నివేదికలోను ఎక్కదు. ఎన్ని గిన్నెలు తోమామో, ఎవరి కోసం ఏ కొలత మార్చామో ఎవరూ వ్రాసిపెట్టరు. అయినా చిన్నవారిలో ఒకనికి గిన్నెడు చన్నీళ్ళు ఇచ్చినవాని ఫలము పోదని చెప్పిన ప్రభువు మన వంటిళ్ళను కూడా చూస్తున్నాడు. ఈ క్రిస్మస్‌కు మీ సంఘములో, మీ వీధిలో, మీ ఇంట్లోనే, బల్ల దగ్గర చేతులు ముడుచుకుని కూర్చునేవారు ఎవరో ఒకసారి చూడండి. వారికి ఏది పడుతుందో అడిగి తెలుసుకోండి. వారి కోసం వంట మార్చండి. అటువంటి చూపును, ఓపికను ప్రభువు మనందరికీ దయచేయును గాక.